వరహాలునాయుడి ఖండన

జనసమ్మత పార్టీకి రాష్ట్రపతిని గెలిపించుకునేంత బలం లేదు. ఆ సంగతి పార్టీలో అందరికీ తెలుసు. కనుకనే అభ్యర్థిత్వానికి అంత పోటీ. గెలిస్తే ఢిల్లీ పోయి అంత పెద్ద భవనంలో ఉండాలి, తెల్లారి లేస్తే సంతకాలు, వందనాలు. ఓడిపోతే ఆ బాధలేవీ ఉండవు. "రాష్ట్రపతి పదవికి పోటీ చేసినవాడు" అన్న మాట మాత్రం జీవితాంతం ఇంటిపేరులా వెంట ఉంటుంది. అసలు పోటీ చెయ్యకపోయినా ఫరవాలేదు. "చేస్తాడని అందరూ అనుకున్నారు" అన్న మాట మిగిలినా చాలు, మనవల పెళ్ళిపత్రికల్లో వేసుకోవచ్చు.

మాజీ మంత్రి సాలాపు వరహాలునాయుడికి ఆ చివరి మాటే కావాలి. అంతకు మించి ఆయనకు ఆశ లేదు.

ఆయన ఒకప్పుడు చెరువుల శాఖకి మంత్రి. ఒక్క వానాకాలమే చేశాడు. ఆ వానాకాలం వాన పడలేదు. అయినా మాజీ మంత్రి మాజీ మంత్రే కనుక, చాలాకాలం పార్టీ సమావేశాల్లో ముందు వరస సోఫాలో కూర్చునేవాడు. తర్వాత సోఫా వెనక కుర్చీ ఇచ్చారు. ఆ తర్వాత స్తంభం వెనక కుర్చీ. మొన్నటి సమావేశంలో నీళ్ళ ప్యాకెట్లు పంచే మనిషి ఆయన్ని ఎగాదిగా చూసి, "ఎవరి డ్రైవరండీ మీరు? డ్రైవర్లకి భోజనాలు బయట" అన్నాడు. వరహాలునాయుడు గొడవ పడే రకం కాదు. బయటే తిన్నాడు. పప్పు బాగుంది. డ్రైవరన్న మాటే ఇప్పటికీ అరగలేదు.

ఆ రోజు పొద్దున్న పాతవలసలో ఇంటి అరుగు మీద కూర్చుని ఆయన పేపరు విప్పాడు. "రాష్ట్రపతి అభ్యర్థి ఎవరు? ప్రచారంలో ఉన్న పేర్లు ఇవీ" అని మొదటి పేజీలో వేశారు. మాజీ ఎంపీ చిట్టినేని రఘోత్తమరావు పేరు అందరికన్నా పైన ఉంది. కిందికి చదువుకుంటూ పోయాడు. పార్టీలో లేని సినిమా నటుడి పేరు ఉంది. పార్టీ మీద కేసు వేసిన కాంట్రాక్టరు పేరు ఉంది. పోయినేడు చనిపోయిన పొట్నూరు సింహాద్రిగారి పేరు కూడా ఉంది. పేపరువాళ్ళు ప్రతి ఎన్నికకీ పాత జాబితానే బయటికి తీసి దుమ్ము దులుపుతారు. దులిపినప్పుడు సింహాద్రిగారు రాలిపోలేదు.

"సూశావా బంగారమ్మా, సింహాద్రి పేరుంది. నా పేరు లేదు" అన్నాడు భార్యతో.

బంగారమ్మ చింతపండు పిక్కలు తీస్తోంది. "ఆయన మంచోడు కదా. అందరికీ గుర్తుంటాడు" అంది.

"నేనూ మంచోణ్ణే."

"మీరు బతికున్నారు కదా. మరిసిపోతారు."

ఇక్కడ పార్టీ కొత్త నిబంధన గురించి చెప్పాలి. అది పుట్టింది భోజనాల పంక్తిలో. పార్టీ అధినేతని అందరూ పెద్దాయన అంటారు. పెద్దాయన తన మనవరాలి పెళ్ళిలో పంక్తి మధ్య నిలబడి వడ్డన చూస్తున్నాడట. ఒకతను "బూరెలు ఇటు, బూరెలు ఇటు" అని చెయ్యి ఊపుతున్నాడు. వడ్డించేవాళ్ళు వినపడనట్టు దాటిపోయారు. పక్కాయన విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టి, "వద్దు బాబూ, ప్రాణం పోతుంది, వద్దు" అని మొత్తుకుంటున్నాడు. వేళ్ళ సందుల్లోంచి బూరెలు కుమ్మరించారు. పెద్దాయనకి అక్కడికక్కడే జ్ఞానోదయమైంది. వద్దన్నవాడికే వడ్డించాలి. కావాలన్నవాడికి వడ్డించరాదు. ఇదే మన సంస్కృతి, ఇదే మన పార్టీ సిద్ధాంతం.

మర్నాడే సర్క్యులర్ వచ్చింది. "రాష్ట్రపతి అభ్యర్థిత్వమును ఆశించువారు అందులకు అనర్హులు. ప్రచారమునందు తమ పేరు వినవచ్చుచున్న నాయకులు ఊహాగాన పర్యవేక్షక సంఘము ఎదుట హాజరై, మైకు ముందు, తమకు అట్టి కోరిక లేదని నోటిమాటగా ఖండింపవలెను. ఖండించినవారు సభయందు సోఫాలలో ఆసీనులగుదురు."

వరహాలునాయుడు కడపటి వాక్యం మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు.

ఆ సంఘానికి అధ్యక్షుడు ఆచంట విశ్వపతిగారు. రిటైరైన జడ్జి. మచ్చలేని మనిషి కావాలని వెతికి తెచ్చారు. మచ్చ లేకపోవడానికి కారణం ఆయన ఎక్కడికీ వెళ్ళకపోవడమే. పెళ్ళిళ్ళకి పోడు, పేరంటాలకి పోడు. రోజూ ఇంట్లో ఒక్కడే కూర్చుని కొలిచినట్టు తింటాడు. ఆయన పుట్టి బుద్ధెరిగాక ఎవరూ ఆయనకి కొసరి వడ్డించలేదు. వద్దంటే ఇంకాస్త పెట్టాలన్న సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. అందరికీ తెలిసిన సంగతే కదా, ఇంక చెప్పడమెందుకని పెద్దాయన కూడా చెప్పలేదు.

నిబంధన వచ్చాక పార్టీ ఆఫీసు కళకళలాడిపోయింది. రఘోత్తమరావు ఊరేగింపుగా వచ్చాడు. డప్పులు, దండలు, వెనక అనుచరుల నినాదాలు. "మా అన్నకి పదవి... వద్దే వద్దు!" "ఇచ్చారో... ఊరుకోం!" మైకు ముందు నిలబడి కళ్ళొత్తుకుంటూ ఖండించాడు. సినిమా నటుడు ఖండించడానికి ముందు పార్టీలో చేరాడు. కాంట్రాక్టరు కేసు వెనక్కి తీసుకుని మరీ ఖండించాడు. ఖండన చాలా బలంగా ఉంటే వడ్డన బలంగా ఉంటుందని అందరి లెక్క. అందుకని ఒకరిని మించి ఒకరు పోయారు. ఒకాయన అభ్యర్థిత్వం రాకూడదని కొండ మెట్లు మోకాళ్ళతో ఎక్కాడు. ఇంకొకాయన అనుచరులు వాళ్ళ నాయకుడి దిష్టిబొమ్మని వాళ్ళే తగలబెట్టారు. "మీ అన్న వద్దన్నది ఒక వద్దేనా? మా అన్న వద్దంటే జిల్లా బంద్" అని రెండు వర్గాలు ఆఫీసు గేటు దగ్గర కొట్టుకుంటే పోలీసులు రావలసి వచ్చింది.

రఘోత్తమరావు అందరినీ మించాడు. "వద్దు దీక్ష" అని పందిరి వేసుకుని నిరాహారంగా పడుకున్నాడు. అభ్యర్థిత్వం తనకి ఇవ్వబోమని పార్టీ హామీ ఇచ్చేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టనన్నాడు. అలా పడుకుంటే పెద్దాయన పరుగెత్తుకొచ్చి, "నువ్వే నిలబడాలి" అని బతిమాలతాడని ఆయన ఆశ. పెద్దాయన రాలేదు. విశ్వపతిగారు వచ్చారు.

"మీ డిమాండు న్యాయమైనది. సంఘం దానిని సంపూర్ణంగా ఆమోదిస్తున్నది. అభ్యర్థిత్వం మీకు ఏ పరిస్థితుల్లోనూ ఇవ్వబడదు" అని నిమ్మరసం అందించారు.

అనుచరులు చప్పట్లు కొట్టారు. రఘోత్తమరావు నిమ్మరసం తాగాడు. అందులో పంచదార వెయ్యలేదేమో అనుకున్నారు చూసినవాళ్ళు, ఆ మొహం చూసి.

వరహాలునాయుడు కూడా ఇస్త్రీ పంచె కట్టుకుని, బావమరిది గవరయ్యని వెంటబెట్టుకుని ఖండించడానికి వెళ్ళాడు. మైకు ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"రాష్ట్రపతి పదవికి నేను పోటీ చేస్తానని వస్తున్న వార్తల్ని..."

"ఆగండి" అన్నారు విశ్వపతిగారు. "ఎవరన్నారు?"

"ఏటండీ?"

"మీరు పోటీ చేస్తారని ఎవరన్నారు?"

వరహాలునాయుడు వెనక్కి చూశాడు. గవరయ్య పైకప్పు చూశాడు.

"అనుకుంటున్నారండీ... జనం."

"ఏ జనం? ప్రస్తావన లేనిచోట ఖండన నిలవదు నాయుడుగారూ. నిప్పు లేనిచోట నీళ్ళు చల్లడం పార్టీ నీటిని వృథా చెయ్యడమే అవుతుంది. మీ గురించి తనంతట తాను ఊహించిన సాక్షిని తీసుకురండి. అప్పుడు ఖండించుకోవచ్చును. తిరస్కరించడమైనది."

సోఫాల్లో కూర్చున్నవాళ్ళు నవ్వలేదు. నవ్వితే బాగుండేది. వాళ్ళు ఆయన్ని గమనించనే లేదు.

దారిలో గవరయ్య అన్నాడు. "బావా, పోనీ వదిలేద్దు. నీకు పదవెందుకు?"

"పదవెవడిక్కావాలిరా? నాకు పదవొద్దని నలుగురూ చెప్పుకుంటే చాలు. ఆ సోఫా మీద ఒక్కసారి కూకుని వచ్చేస్తాను. డ్రైవరన్నాడ్రా నన్ను. మంత్రిగా చేసినోణ్ణి."

గవరయ్య తల ఊపి పక్కన నడిచాడు.

ఇక అప్పటినుంచి వరహాలునాయుడు తనని ఎవరైనా ఊహిస్తారేమోనని ఊళ్ళో తిరగడం మొదలుపెట్టాడు. అడగకూడదు. అడిగితే ఆశించినట్టు అవుతుంది. దానంతట అదే రావాలి.

కొండయ్య సెలూన్‌లో రోజూ రాజకీయాలే. వరహాలునాయుడు గడ్డం చేయించుకున్నరోజే మళ్ళీ గడ్డానికి కూర్చున్నాడు.

"ఏరా కొండయ్యా, రాష్ట్రపతికి ఎవర్ని పెడతారంటావు?"

కొండయ్య కత్తి ఆపి ఆలోచించాడు. రఘోత్తమరావుకి నోరుందిగానీ గుండె లేదన్నాడు. నటుడికి గుండె ఉందిగానీ అది సినిమాలోనేనన్నాడు. పొరుగు రాష్ట్రం వాళ్ళ పేర్లు కూడా చెప్పాడు. దక్షిణాఫ్రికాకి ఒకాయన రాష్ట్రపతి అయ్యాడనీ, అంతటివాడు ఇక్కడ లేడనీ బాధపడ్డాడు.

"మరి మన ప్రాంతం నుంచి ఎవరూ లేరంటావా?" వరహాలునాయుడు అద్దంలోకి చూస్తూ, నిటారుగా కూర్చుని, మెడ కాస్త ఎత్తి అడిగాడు.

కొండయ్య అద్దంలో ఆయన మొహంలోకి చాలాసేపు చూశాడు. "ఉన్నారు బాబూ" అన్నాడు.

"ఎవరు? సెప్పు, మొహమాటపడకు."

"సింహాద్రిబాబు. ఉంటేనా, ఆయనే. మీరు కొంచెం తల ఒంచండి బాబూ, మెడ దగ్గర ఎంట్రుక ఉండిపోయింది."

తల ఒంచక తప్పలేదు.

చివరికి గవరయ్యే తెగించాడు. తను బస్టాండుకి పోయి నలుగురిలో ఊహిస్తానన్నాడు. ఊహించి వచ్చి, సాక్షిగా సంఘం ముందు నిలబడ్డాడు. గవరయ్యకి అబద్ధం చెప్పడం రాదు. ఆ సంగతి ఆయనకి మైకు ముందు నిలబడ్డాకే గుర్తొచ్చింది.

"ఎక్కడ ఊహించారు?" అన్నారు విశ్వపతిగారు.

"బస్టాండులోనండి. సోడా కొట్టు దగ్గర."

"ఏమని?"

"మా బావే రాష్ట్రపతి అభ్యర్థి అవుతాడేమో అనండి."

"తమంతట తామే ఊహించారా?"

గవరయ్య బావ వైపు చూశాడు. జడ్జిగారి వైపు చూశాడు. చెమట తుడుచుకున్నాడు. "నేదండి. ఆయన బాధ సూడలేక ఊహించానండి."

హాలంతా ఒక్కసారి సోఫాల్లో కదిలింది. వరహాలునాయుడు ఎదురుగా ఉన్న గోడ వైపు చూశాడు. ఆశించినవాడిని పార్టీలోంచి వెలివేస్తారని దాని మీద రాసి ఉంది.

"అంటే ఇది ప్రేరేపిత ఊహాగానం" అన్నారు విశ్వపతిగారు కళ్ళజోడు సర్దుకుని. "సరే. మీరు ఊహించినప్పుడు విన్నవారు ఏమన్నారు? ఒక్కరైనా ఔనన్నారా?"

"నేదండి. ఎవరూ నమ్మలేదండి. సోడా కొట్టోడు నవ్వినాడండి. ఒకాయన 'ఏ వరహాలునాయుడు?' అన్నాడండి. విజయనగరం బస్సొచ్చిందండి, అందరూ ఎక్కిపోయారండి."

విశ్వపతిగారు అదంతా రాసుకున్నారు. తర్వాత తీర్పు చెప్పారు. "ఊహాగానం కలిగించడానికి ప్రయత్నం జరిగింది. కానీ ఊహాగానం కలగలేదు. శిశువు పుట్టనే లేదు కనుక నేరం లేదు. పుట్టని శిశువుకి పేరు తీసెయ్యడమూ కుదరదు కనుక ఖండనా లేదు. నాయుడుగారు నిరపరాధి. ఆయన ఖండన రెండవ పర్యాయం కూడా తిరస్కరించడమైనది. వెళ్ళి స్తంభం వెనక కూర్చోవచ్చును."

అభ్యర్థిని ప్రకటించే రోజు వచ్చింది. సభ నిండిపోయింది. ఖండించినవాళ్ళు ఎక్కువైపోయి సోఫాలు చాలక పెళ్ళిళ్ళ సామాను కొట్టునుంచి అద్దెకి తెచ్చారు. రఘోత్తమరావు పట్టుపంచె కట్టుకొచ్చాడు. అందరూ విస్తరి ముందు కూర్చున్నవాళ్ళలాగే ఉన్నారు, చేతులు మాత్రం అడ్డంపెట్టి. వరహాలునాయుడు స్తంభం వెనక కూర్చుని, ఈ సభ అయిపోతే ఇక పార్టీకి రాకూడదని నిశ్చయించుకున్నాడు. బంగారమ్మకి కూడా చెప్పొచ్చాడు. "మంచి మాట. మజ్జిగపులుసు చేస్తాను, తొందరగా వచ్చెయ్యండి" అంది ఆవిడ.

పెద్దాయన వేదికెక్కాడు. మొహంలో, గరిట చేతబట్టిన యజమాని కళ ఉంది. "విశ్వపతిగారూ, చెప్పండి. అందరికన్నా గట్టిగా వద్దన్నది ఎవరు?"

"అందరూ గట్టిగానే వద్దన్నారండి. ఒక్కొక్కరినీ క్షుణ్ణంగా విచారించి, అందరి ఖండనలూ ఆమోదించాం."

"ఆమోదించడమేమిటి?"

"వద్దన్నారు కదండీ" అన్నారు విశ్వపతిగారు. "వద్దని ప్రమాణపూర్వకంగా చెప్పినవారికి బలవంతంగా ఇవ్వడం అన్యాయం. వీరిలో ఎవరికీ ఇవ్వబోమని సంఘం మాట ఇచ్చింది."

పెద్దాయన గరిట లేని చేతిని గాల్లోనే ఉంచి, "వద్దంటే... వద్దనేనా మీ అర్థం?" అన్నాడు.

"ఇంకేం అర్థం ఉంటుందండీ?"

రఘోత్తమరావు లేచి నిలబడ్డాడు. "అధ్యక్షా, నాకు వ్యక్తిగతంగా కోరిక లేదు. కానీ పార్టీ ఆదేశిస్తే..."

విశ్వపతిగారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "ఆదేశిస్తే? అంటే లోపల కొంత ఆశ ఉన్నదా? రాసుకోమంటారా?"

"లేదు లేదు! అస్సలు లేదు!" రఘోత్తమరావు కూర్చుండిపోయాడు. ఆయన వెనక లేవబోయిన నటుడు, కాంట్రాక్టరు, మోకాళ్ళాయన సగం లేచి, పంచెలు సర్దుకుంటున్నట్టు నటించి కూర్చున్నారు.

"ఇక మిగిలిందెవరయ్యా?" అన్నాడు పెద్దాయన.

"సంఘం రికార్డులో పేరుండి, ఆమోదిత ఖండన లేనివారు ఇద్దరున్నారు. పేరు ప్రచారంలో ఉన్నా నేటివరకూ వచ్చి ఖండించనివారు ఒకరు, పొట్నూరు సింహాద్రిగారు. పేరు ప్రచారంలో లేక ఖండన నిలవనివారు ఒకరు, సాలాపు వరహాలునాయుడుగారు."

వేదిక మీదున్నవాళ్ళు గుసగుసలాడుకున్నారు. చాలామంది సింహాద్రిగారివైపే మొగ్గారు. వివాదం లేని మనిషి, వర్గాలు లేవు, ఇంటర్వ్యూలలో నోరు జారడు, ఆశ అసలే లేదు. సినిమా నటుడు కన్నీళ్ళు పెట్టుకుని బలపరిచాడు. కానీ నామినేషన్ మీద అభ్యర్థి సంతకం కావాలని విశ్వపతిగారు చట్టం చెప్పారు. దానితో చాలా విచారంగా, సంతకం పెట్టగలడన్న ఒక్క కారణం మీద, వరహాలునాయుడు మిగిలాడు.

స్తంభం వెనకనుంచి ఆయన్ని లేవదీశారు. ఏం జరుగుతోందో అర్థమయ్యేసరికి సగం దూరం వచ్చేశాడు. అప్పుడు ఆయనకి నిజంగా భయం వేసింది. ఢిల్లీ, కెమెరాలు, హిందీ, దేశమంతా చూస్తుండగా చిత్తుగా ఓడిపోవడం. సోఫా ఒక్కటే కదా తను అడిగింది.

"నాకొద్దు బాబూ!" అని అరిచాడు. "నిజంగా వద్దు! దండం పెడతాను, వద్దు!"

"మీ ఖండన రెండుసార్లు తిరస్కరించాం నాయుడుగారూ" అన్నారు విశ్వపతిగారు సౌమ్యంగా.

ఆ అరుపు చెవిన పడేసరికి పెద్దాయన మొహం మాత్రం వెలిగిపోయింది. ఇన్ని రోజుల తర్వాత ఆయనకి ఒక నిఖార్సైన వద్దు వినపడింది. "చూశారా! వద్దంటున్నాడు! చేతులు అడ్డం పెట్టి మరీ వద్దంటున్నాడు!" అని గంతేసినంత పని చేశాడు. "వడ్డించండయ్యా, వడ్డించండి!"

వరహాలునాయుడు చేతులు అడ్డం పెడుతూనే ఉన్నాడు. వేళ్ళ సందుల్లోంచి దండలు వేశారు.

మర్నాడు పొద్దున్న పాతవలస ఇంటి ముందు కార్లు ఆగి ఉన్నాయి. వరహాలునాయుడు ఇంకా నిన్నటి మజ్జిగపులుసు తినలేదు. అరుగు మీద కూర్చుని పేపరు భార్య చేతికిచ్చాడు. తనే విప్పడానికి ధైర్యం చాల్లేదు. ఎంతైనా, పుట్టాక మొదటిసారి మొదటి పేజీ.

"ఏటేశారు? సదువు."

బంగారమ్మ కళ్ళజోడు పెట్టుకుని పైనున్న పెద్ద అక్షరాలు చదివింది. "ఎవరూ ఊహించని అభ్యర్థి."

వరహాలునాయుడు పేపరు మీదికి వంగాడు. "ఎవరూనా?"

"ఎవరూనేనట. లోపల కూడా రాశారు. సొంత ఊళ్ళో కూడా ఎవరూ అనుకోలేదట. కొండయ్య ఫోటో వేశారు. 'కల్లో కూడా అనుకోలేదు' అన్నాడట."

"సింహాద్రిని అనుకున్నారు కదే. పోయినోణ్ణి అనుకున్నారు."

"ఆయన సంగతి వేరు" అంది బంగారమ్మ, నెమ్మదిగా పేపరు మడిచి.

బయట కార్ల హారన్లు మోగుతున్నాయి. వరహాలునాయుడు లేచి, కండువా భుజాన వేసుకుని, గుమ్మం దాకా పోయి ఆగాడు. "ఈ మాట అన్యాయం. దీన్నైనా ఖండించొచ్చంటావా?"

బంగారమ్మ మడిచిన పేపరు మళ్ళీ విప్పి చూసింది.

"ఎవరన్నారని ఖండిస్తారు?" అంది. "ఎవరూ అనలేదనే కదా వాళ్ళు రాసింది."